పోచమ్మ కోరిన ఎర్ర సీసా

మక్తల్, 1966

లింగస్వామి బావకు,

సెలవులల్ల గోవాల నువ్వు తాపిన గా అగ్గువ ఎర్ర వైన్ ఇంకా నాలుక మీదనే ఉన్నది. మొదటి గుటకకు పుల్లగ తగిలినా, రెండో గుటకకు మన నేరేడుపండ్లు యాదికొచ్చినయి.

తెచ్చుకున్న సీసా మూత తీసిన్నో లేదో, పోచమ్మకు సాక పోయకుండ ఎట్ల తాగుతవురా అని మా అవ్వ గుంజుకొని గుడికి పోయింది. ఆడ పూనకమొచ్చే నర్సింగమ్మ, నేల మీద పోసేముందు తనే ఒక గుటక మింగింది. వెంటనే పూనకమొచ్చి, ఇగ నాకు కల్లొద్దు, గిదే కావాలె అన్నది.

అప్పటిసంది వాన లేదు. ఊరంత నా దిక్కే చూస్తాంది.

బోనాల లోపల జర నాలుగు సీసాలు పంపు బావా. ఈసారి నేల మీద పోయొద్దట. నర్సింగమ్మ దోసిట్లనే పోయాలెనని అమ్మవారి ఆజ్ఞ.

నీ బామ్మర్ది