తొమ్మిదో తూకం

బావగారికి,

అక్క మా ఇంట్లో క్షేమం. మీ జిమ్‌లోని బరువు చూసే మిషన్ కూడా ఇక్కడే క్షేమం. బట్టల పెట్టెతో పాటు దాన్నీ చంకన పెట్టుకుని వచ్చింది.

తప్పు మిషన్‌ది కాదు, నాది. దాని ప్రోగ్రాం కంప్యూటర్ సొంత భాషకి దగ్గరైన అసెంబ్లీ భాషలో రాశానని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. లోపల దశాంశాల లెక్కకి ఎనిమిదే రిజిస్టర్లు, అంటే అంకెలు దాచుకునే అరలు, ఉంటాయి, కంచాల దొంతరలాగా ఒకదాని మీద ఒకటి. మనిషి ఎక్కినప్పుడల్లా ఒక అంకె పైన పెట్టమన్నాను, పనయ్యాక దాన్ని తీసేయమని రాయడం మరిచిపోయాను. జిమ్ ప్రారంభం రోజు ఎనిమిది మందితో దొంతర నిండిపోయింది. తొమ్మిదో మనిషి అక్క. ఆవిడ అంకెకి చోటు లేక, అందరి ముందూ తెర మీద "ఇది సంఖ్య కాదు" అని పడింది. ఆ తర్వాత ఎక్కే ధైర్యం ఎవరూ చేయలేదు కాబట్టి అసలు సంగతి బయటపడలేదు. మీరు మాత్రం అలా పగలబడి నవ్వకుండా ఉండాల్సింది.

నేను వివరించబోతే అక్క ఇంతెత్తున లేచింది. "ఎనిమిది మంది దగ్గర లేని రోగం దానికి నా దగ్గరే ఎందుకొచ్చిందిరా?" అంది.

నిన్న ఆ మరిచిపోయిన లైను చేర్చి, అక్కని బతిమాలి ఎక్కించాను. బరువు గ్రాములతో సహా వచ్చింది. అక్క దానివంక చాలాసేపు చూసి, నెమ్మదిగా దిగి, "పాతదే బాగుందిరా" అంది.

పాత ప్రోగ్రామే పెట్టి ఇద్దరినీ రేపు పంపిస్తున్నాను. ఎనిమిది మంది ఎక్కాక మిషన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా పనిచేస్తుంది. అక్క మాత్రం ఎప్పుడూ తొమ్మిదో మనిషిగానే ఎక్కుతానంది. ఈసారి నవ్వకండి బావా.

మీ బావమరిది