ఖల్ఫాన్ మామయ్య ధూపం

అక్టోబర్ 6, ఆదివారం
మళ్లీ అదే గోల. మామూలు రోజుల్లో బోరు దగ్గరి గదిలో గ్యాసు మీటరు 430 దాటదు. డెన్మార్క్ ఆడిటర్ ఇంగా ఆ గదిలో అడుగుపెట్టిందో లేదో 1,300! నీళ్లలో కలిపి కొండరాతిలోకి దింపిన కార్బన్ డయాక్సైడ్ అక్కడే రాయిగా మారాలి. బోరులోంచి పైకి రాకూడదు. ఇది రెండోసారి. ఇంకోసారి ఇలాగే వస్తే బోరు మూయించేస్తానంది. ఆరేళ్లుగా ఈ ముదనష్టపు బోరుకే చాకిరీ చేస్తున్నాను.

అక్టోబర్ 7
పైపులు, వాల్వులు అన్నీ చూశాం. ఎక్కడా లీకు లేదు. తల బద్దలైపోతోంది.

అక్టోబర్ 9, మధ్యాహ్నం
దొరికింది! మా వాచ్‌మన్ ఖల్ఫాన్ మామయ్య. అమ్మకు సొంత తమ్ముడు, అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది. ఇంగా వస్తోందంటే చాలు, మీటరు గది తలుపులు బిగించి, నిప్పుల మీద లుబాన్ సాంబ్రాణి వేసి గంటసేపు ధూపం పడతాడట. ఆ బొగ్గుల్లోంచి వచ్చేదీ అదే గ్యాసు కదా మామయ్యా అని అరిచాను. అంత దూరం నుంచి ఆడకూతురు వస్తుంటే గ్రీజు కంపులో నిలబెట్టమంటావా, మీ అమ్మ నిన్నిలాగే పెంచిందా అని నన్నే దులిపేశాడు. నా కొంప ముంచింది నువ్వే అన్నాను, పనివాళ్లందరి ముందూ. వెంటనే వెళ్లిపోయాడు.

అక్టోబర్ 10
ధూపమే కారణమని రిపోర్టు రాసి, సంతకం పెట్టి పంపాను. మామయ్య డ్యూటీకి రాలేదు. అమ్మ ఫోన్ చేసింది. ఒసే జువైనా, నువ్వు నాకు పుట్టావా, ఆ బోరుకు పుట్టావా అని అడిగి పెట్టేసింది.

అక్టోబర్ 14
రిపోర్టు ఇంగా ఒప్పుకుంది. గండం గడిచింది. మస్కట్ ఆఫీసు వాళ్లకు అప్పుడే తొందర. ఇన్నాళ్లూ ఇంగా వచ్చిన రోజుల్లో మాత్రమే, ఆమెకు చూపించడానికి, గ్యాసు నీళ్లను కిందికి దింపే పంపులు పూర్తి వేగంతో నడిపేవాళ్లం. రేపటి నుంచి రోజూ అలాగేనట. సరే అన్నాను.

మామయ్య ఇవాళా రాలేదు. అలిగితే అలగనీ.

అక్టోబర్ 16, ఉదయం 6
నిన్నటి నుంచి పంపులు పూర్తి వేగంలో ఉన్నాయి. గదికి తాళం. నిప్పు లేదు, ధూపం లేదు. మీటరు 1,340.

కింది నుంచే వస్తోంది. పంపులు ఆపించాను. ఇంగాకు చెప్పాలి.

ముందు మామయ్య ఇంటికి వెళ్తున్నాను.