ఎన్ అంటే మామయ్యగారు

మార్చి 3

పదహారేళ్లు ఫైళ్ల గదిలో దుమ్ము మింగాను. ఇప్పుడు అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌కి వేశారు. సంతోషిద్దామంటే కొత్త పీకులాట. వైర్‌లెస్‌లో బండి నంబర్ చెప్పేటప్పుడు ఏ, బీ అనకూడదట. అవతలివాళ్లు పొరబడతారట. ఆల్ఫా, బ్రావో, చార్లీ అనాలట. మొత్తం ఇరవై ఆరు. పద్నాలుగున టెస్ట్. తప్పితే మళ్లీ ఫైళ్ల గది. చచ్చినా వెళ్లను.

ట్రైనర్‌కి నా కొడుకు వయసుంటుంది. జేబులో దువ్వెన. ఒక్కో పదానికి నవ్వొచ్చే మనిషిని తగిలించుకోండి మేడమ్, అన్నాడు.

మార్చి 5

నవ్వు రాలేదు. కోపం వచ్చింది. అదే పనికొచ్చింది!

హోటల్: మా ఆయన. వస్తారు, తింటారు, కంచం తీయరు. ఎకో: ఆడపడుచు. వాళ్లన్నయ్య ఏమంటే అదే మళ్లీ అంటుంది. టాంగో: పై వాటావాళ్లు, తెల్లారకుండానే నా నెత్తిన చిందులు. విక్టర్: నా పనికి తను మెప్పు కొట్టేసిన సూపరింటెండెంట్. రోమియో ఎవరో చెప్పక్కర్లేదు, ఆ దువ్వెన చాలు.

ఒక్కరోజులో ఇరవై ఐదు ఎక్కాయి. నా కడుపులో ఇంత మంట ఉందని నాకే తెలియదు.

మార్చి 6

ఎన్ ఎక్కలేదు.

మార్చి 8

ఎన్ అంటే నవంబర్. మామయ్యగారు మా ఇంటికొచ్చింది ఆ నెలలోనే అని ఆయనకిచ్చాను. అక్కడే దెబ్బతిన్నాను. ఈ ఇంట్లో తిన్నావా అమ్మా అని అడిగేది ఆయనొక్కరే. రోజూ కాగితం పట్టుకుని నాచేత అప్పజెప్పించేదీ ఆయనే. కోపం ఎక్కణ్నుంచి తేను?

సంగతి చెప్పేశాను. అయితే ఏదో ఒకటి చెయ్యాలమ్మా, అన్నారు.

మార్చి 10

చేశారు. నా చెప్పు ఒకటి దాచేశారు. బస్సు తప్పింది. తిడదామని వెళితే, చెప్పు ఒళ్లో పెట్టుకుని పేపర్ తలకిందులుగా చదువుతున్నారు. నవ్వాపుకోలేకపోయాను. సాయంత్రం అడిగితే ఎన్ మళ్లీ గోవిందా.

మార్చి 14, సాయంత్రం ఆరు

ఇరవై ఐదు గడగడా చెప్పాను. ఎన్ దగ్గర నోరు పడిపోయింది. రోమియో జాలిపడి రేపు పొద్దున ఇంకో ఛాన్స్ ఇచ్చాడు.

ఇంటికొస్తే మామయ్యగారి చేతికి కట్టు! పొద్దున నేను గడప దాటగానే బాత్రూమ్‌లో జారిపడ్డారట. మణికట్టు విరిగింది. ఫోన్ జేబులోనే ఉంది. అంబులెన్స్‌కి చేస్తే కంట్రోల్ రూమ్‌లో నా చెవిన పడుతుందని, నా టెస్ట్ పాడవుతుందని, మా ఆయన భోజనానికి వచ్చేదాకా తడి నేల మీదే పడుకున్నారట. నాలుగు గంటలు! ఊళ్లో ఎవరు పడినా బండి పంపే ఉద్యోగం నాది. మా ఇంట్లో మనిషికి మాత్రం నేను పనికిరాను!

నోటికొచ్చినట్టు తిట్టాను. వీధంతా విని ఉంటుంది. ఏడ్చాను కూడా. ఆయన తల వంచుకుని అంతా విన్నారు. తర్వాత రెండో చేత్తో కాగితం తీసి, ఎన్? అని అడిగారు.

మార్చి 15

పాసయ్యాను.

తిన్నావా అమ్మా అన్నారు. తల ఊపానంతే, మాట్లాడలేదు. మాట్లాడితే కోపం పోతుంది. రేపు డ్యూటీ ఉంది.