చేదునీళ్లు వదలాల్సిందే

లా సలినీత ఉప్పు మడులు,
కొలీమా తీరం,
1961 మే 18, గురువారం.

ఉప్పు సంఘం పెద్దవైన కొంపాద్రె ఎవారిస్తోకు తిబుర్సియో రాయునది.

నా మోకాళ్లు తప్ప తక్కినదంతా దేవుడి దయవల్ల బాగానే ఉంది. నువ్వు ఎండలో నిలబడే పని మానేసి కుర్చీలో కూర్చున్నావు కనుక నీకూ బాగానే ఉండి ఉంటుంది. నా పెద్దకూతురి జ్ఞానస్నానం నాడు దాన్ని ఎత్తుకున్న చేతులు నీవి, అలా దానికి జ్ఞానతండ్రివి, నాకు కొంపాద్రెవి అయ్యావు. ఆ మర్యాద కొద్దీ ముందు క్షేమం అడిగాను. ఇక విషయానికి వస్తాను.

నువ్వు పంపిన కాగితం అందింది. రెండుసార్లు చదివాను, నా చదువుకి అంత పట్టింది. మడిలో నీళ్లు చివరి చుక్క దాకా ఎండనివ్వాలి, ఉప్పు తేలాక మిగిలే చేదునీళ్లు బయటికి వదలకూడదు, అలా ఒప్పుకుంటూ శనివారం లోపల సంతకం పెట్టాలి, పెట్టకపోతే నా మూడు మడులూ పక్క మడుల మాతియాస్‌కి ఇచ్చేస్తారు. అంతే కదా? పెట్టను.

ఆదివారం పూజ అయ్యాక సంఘం పాక కింద, మీరు తెప్పించిన కుర్ర ఇంజనీరు ఏమన్నాడో నువ్వూ విన్నావు. నీళ్లలో కరిగిందంతా ఉప్పే తాతా, ఎండితే అంతా ఉప్పే అవుతుంది, తూకానికి వచ్చేదాన్ని ఎందుకు పారబోస్తావు అన్నాడు. నేనేమన్నాను? బాబూ, గ్లాసులో పంచదార కరిగినా ఉప్పు కరిగినా కంటికి ఒకటే, తాగి చూడు తెలుస్తుంది అన్నాను. అందరూ నవ్వారు. మాతియాస్ ఊరుకున్నాడా? తిబుర్సియో తాత నీళ్లతో కబుర్లాడతాడు, ఇక పెళ్లి కూడా చేసుకుంటే సరి అన్నాడు. చేసుకుంటానురా, నీ పెళ్లాం నీ మాట వినేదానికంటే నీళ్లు నా మాట బాగానే వింటాయి అన్నాను. నువ్వూ నవ్వావు. మీసం కింద దాచుకున్నావు గానీ నేను చూశాను.

నవ్వులాట పక్కన పెట్టు. నీకు తెలిసిందే చెబుతున్నాను, కుర్చీ ఎక్కి మరిచిపోయావు కనుక. వడపోత మంచె మీద ఉప్పుమట్టి పోసి, మీద నీళ్లు పోస్తే, ఆ నీళ్లు మట్టిలో ఉన్నదంతా కడుపులో వేసుకుని కింది తొట్టిలోకి దిగుతాయి. మంచిదీ చెడ్డదీ చూడవు, ఆకలి మీద ఉంటాయి. ఆకలి తీరిందో లేదో తెలియాలంటే చిటికెడు ఉప్పు వేస్తాం. కరిగితే ఇంకా ఆకలి ఉన్నట్టు. అడుగున అలాగే కూర్చుంటే కడుపు నిండినట్టు. అప్పుడే సున్నపుగచ్చు మడిలోకి తోడతాం. ఎండకి నీళ్లు ఎగిరిపోతున్న కొద్దీ కడుపు చిన్నదవుతుంది, తిన్నది కక్కుతుంది. ఒక్కసారి కక్కదు, వరస ఉంది. ముందు సుద్దలాంటిది గచ్చుకి అంటుకుంటుంది. తరవాత ఉప్పు, పువ్వులా. చేదుని మాత్రం ఆఖరిదాకా వదలదు. మంచిది మనకిచ్చి చెడ్డది తన దగ్గర ఉంచుకుంటుంది కొంపాద్రె. దాన్ని కూడా నీళ్ల గొంతు పిసికి లాక్కోమంటున్నావు నువ్వు.

మంగళవారం పొద్దున నేను చేసింది కూడా మరిచావా? సంఘం అరుగు మీద రెండు పెంకులు పెట్టాను. ఒకదాని మీద నా మడి ఉప్పు, ఇంకోదాని మీద ఇంజనీరు ఆఖరి చుక్కదాకా ఎండబెట్టించిన ఉప్పు. సముద్రపు గాలి తగిలింది. మధ్యాహ్నానికి నాది అలాగే ఉంది, అతనిది చెమటపట్టి కారిపోయింది. గాలిలో తేమ తాతా అన్నాడు. నా పెంకు మీద వీచింది వేరే గాలా అని అడిగాను. నువ్వేమో నా భుజం మీద చెయ్యేసి, గ్వాదలహారా బజారు చేరాక ఎవరి ఉప్పు ఏడిస్తే మనకేం ముసలాడా అన్నావు. ఆ చెయ్యి బరువు ఇంకా దిగలేదు.

మడులు తీసుకుంటావా, తీసుకో. అయితే నేను బతికుండగా నా చేతికింద చేదు ఉప్పు తయారు కాదు. రేపు పొద్దున అందరూ చూస్తుండగా గట్టు తెంపి చేదునీళ్లు వదులుతాను. అడ్డం వచ్చేవాడు పార తెచ్చుకోమను, ఉత్త చేతులవాణ్ణి కొట్టను.

ఇట్లు
ఎవరికీ తలవంచని
తిబుర్సియో అంగియానో

సంతకం అయ్యాక ఇంకో మాట. ఇంత పట్టుదల ఎందుకని అడుగుతావు. వానలు ఏప్రిల్లోనే దిగిన ఏడు జ్ఞాపకం ఉందా? ఆ ఏడు మడి మునుగుతుందన్న భయంతో, రెండు బస్తాలు ఎక్కువ వస్తాయన్న ఆశతో, చేదునీళ్లు వదలకుండా అంతా కలిపి ఎండబెట్టాను. ఆ ఉప్పే నీకు ఇచ్చాను. దానితోనే నీ బావమరిది నబోర్ నీ మూడు పీపాల చేపకి ఉప్పు పట్టించాడు. ముల్లు దగ్గర కుళ్లింది. నబోర్ ఉప్పు నాలుక మీద వేసుకుని ఇది చేదుగా ఉంది బావా అన్నాడు. సోమరిపోతా, నా కొంపాద్రె ఉప్పుకి వంక పెడతావా అని నువ్వు అందరి ముందూ వాణ్ణి వెళ్లగొట్టావు. వెళ్లగొట్టే ముందు నా వైపు తిరిగి, నువ్వే చెప్పు కొంపాద్రె అన్నావు. మంచి ఉప్పే అన్నాను. నబోర్ మన్సనీయో రేవుకి వెళ్లి ఓడ ఎక్కాడు. ఇరవై రెండేళ్లయింది, తిరిగి రాలేదు. నీ భార్య సోలెదాద్ ఇప్పటికీ తమ్ముడి పేరెత్తితే తల దించుకుంటుంది, వాడు పనిదొంగ అనుకుని.

శనివారం మీ ఇంటికి వస్తాను. సంతకానికి కాదు. ఆమె ఎదుట నిలబడి ఈ మాట నా నోటితో చెప్పడానికి. మడులు ఆ తరవాత తీసుకో.