మెక్సికో తల్లి నోట మన ‘ఏటి’

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు తెలుగు చేసిన మెక్సికో కవి పుస్తకాన్ని మళ్లీ అచ్చేసి, నిన్న విజయనగరంలో సభ పెట్టారు. ఆ కవీ నీలాగే పత్రిక నడుపుతూ, పక్కవాళ్ల కవితలు దిద్దుతూ బతికాడనేవాడివి.

నెల్లిమర్ల మిల్లు గేటు దగ్గర టీ తాగుతూ నాకు చదివి వినిపించేవాడివి. ఒక కవితలో తల్లి కొడుకుని “ఏమిటి కావాలి?” అంది.

“ఏ తల్లి అలగ అడుగుతాది బావా? ఏటి కావాలంటాది” అన్నాను. నువ్వు నా మాటే అచ్చేశావు.

నిన్న సభలో కొత్త పుస్తకంలోంచి అదే కవిత చదివితే “ఏమిటి” అని వినబడింది. లేచి నిలబడ్డాను.

“మా బావ మాట ఎవడు మార్సినాడు?”

“మెక్సికోలో ఏటి అంటారేటి తాతా?” అని నవ్వాడు కొత్త అచ్చుకి దిద్దినాయన.

“మరి ఏమిటి అంటారేటి?”

సభంతా నవ్వింది. అచ్చయిన పుస్తకం మాత్రం మారదు కదా. ఇంటికొచ్చి, సభలో నాకిచ్చిన పుస్తకంలో ఆ “ఏమిటి”లో “మి” కొట్టేశాను. నాకొచ్చిన చదువు దానికి సరిపోయింది.