మొలక కట్టని నకలు

జహీరాబాద్, జూన్ 2

చిరంజీవి శ్రుతికి,

నీ ఉద్యోగం నాకు అర్థం కాలేదని నేననలేదు, నమ్మకం కలగలేదన్నాను. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని, ఆ రెంటికీ తేడా తెలుసు. ఫోనులోనైతే సగం విని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

నువ్వు చెప్పిందే చెబుతున్నాను. దవాఖానలో రోగుల వివరాలుండే డేటాబేస్‌ను మీరు కంటైనర్లలో, అంటే కంప్యూటరు లోపలే కట్టుకున్న విడివిడి అరల్లో, నడుపుతారు. ఒక కంటైనర్ చచ్చిపోతే ఇంకొకటి లేస్తుంది. పదిమంది కాపలా కాసే ఆ పనంతా ఇక మీ ప్రోగ్రామే చేసుకుంటుంది. పదహారున దాన్ని దవాఖానకు అప్పగిస్తారు. మరి పదిహేడున నీకు పనేమిటి? మొగుడంపల్లి బడిలో కంప్యూటరు టీచరు కావాలట. నీ పేరిచ్చి వచ్చాను.

ఆశీస్సులతో,
మీ అవ్వ గిరిజమ్మ

తా.క. పాటలు కూడా నేర్పుతావని చెప్పాను. సాధన చెయ్యి.

హైదరాబాద్, జూన్ 5

అవ్వకు శరణార్థి.

నా నౌకరి యాడికీ పోతలేదు! ఆ ప్రోగ్రామును చూసుకునేదే నేను. కంటైనర్ పోయినా వివరాలు పోవు, అవి బయట వేరే డిస్కుల ఉంటయి. డిస్కు పాడైతదేమో అని రోజుకొక నకలు తీసి పక్కకు పెడ్తది. తెర మీద అన్నీ పచ్చ దీపాలే. నువ్వు ఫికర్ చేయకు.

నీ మన్మరాలు,
శ్రుతి

తా.క. మీటింగుల ఉండంగ హెడ్మాస్టర్ ఫోన్ చేసి పాట పాడుమన్నడు. సగం పల్లవి పాడిన.

జహీరాబాద్, జూన్ 9

చిరంజీవి శ్రుతికి,

నకలు తీశామని పచ్చ దీపం చెబుతుంది. ఆ నకలు పనికొస్తుందని చెప్పదు. ఝరాసంగం చేలో వేసే కందుల్ని నేను బూడిద, వేపాకు కలిపి బుట్టలో పోసి, మట్టి మెత్తి దాస్తాను. అంత చేసినా, విత్తేముందు ఇరవై గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూడాల్సిందే. మీ నకలుకు ఎవరైనా మొలక కట్టారా? దాంట్లోంచి డేటాబేస్‌ను ఒక్కసారైనా తిరిగి లేపి చూశారా?

అడగడం అలవాటైన
మీ అవ్వ

తా.క. హెడ్మాస్టరు మిగతా సగం పాట కోసం ఎదురు చూస్తున్నాడు.

హైదరాబాద్, జూన్ 14

అవ్వకు శరణార్థి.

నీ ఉత్తరం చూపిస్తే మా సుదర్శన్ సార్ నవ్విండు. "మీ అవ్వ కోసమన్న ఒక్కసారి లేపుదాం తియ్" అన్నడు. లేపినం. డేటాబేస్ లేచింది, లోపల ఒక్క రోగి లేడు! ఇన్ని దినాలు మా ప్రోగ్రాం బయటి డిస్కును ఇడిచిపెట్టి, కంటైనర్ల ఉన్న ఖాళీ ఫోల్డరుకు నకలు తీసింది. తీసినప్పుడల్లా పచ్చ దీపం! సార్ నవ్వు ఆగింది. రెండు దినాలు కూసొని సరిచేసినం. వారం వారం మొలక చూసే పని గూడ ప్రోగ్రాముకే నేర్పినం. సోమవారం ధైర్యంగ అప్పగిస్తం.

బతికిపోయిన
శ్రుతి

తా.క. ఆ పనికి సార్ నీ పేరే పెట్టిండు. ఇగ నకలు లేవకపోతే అందరి ఫోన్లకు "గిరిజమ్మ ఒప్పుకోలే" అని మెసేజ్ వస్తది.

జహీరాబాద్, జూన్ 18

చిరంజీవి శ్రుతికి,

గిరిజమ్మ కూడా తప్పింది, రాసుకో. నీకు ఉపదేశం రాసే ఉత్సాహంలో నా కందులకు నేనే మొలక కట్టలేదు. మన చేను విత్తే నారమ్మ పిడికెడు తీసుకుపోయి కట్టి చూసిందట. ఇరవైకి నాలుగే లేచాయి. "మన్మరాలికి లెటర్ రాస్తివి గదమ్మా, బుట్టకు గూడ ఒకటి రాయకపోతివా?" అని గుమ్మంలోనే నవ్వింది.

నాకూ నవ్వే వచ్చింది. వాన ఇంకా పడలేదు కాబట్టి చేనుకు నష్టం లేదు. నువ్వు రావని హెడ్మాస్టరుకు చెప్పేశాను.

ఆశీస్సులతో,
అవ్వ

తా.క. శనివారం వచ్చేటప్పుడు విత్తనాల దుకాణంలో ఆరు కిలోల కంది విత్తనం తీసుకో. సంచి మీద తేదీ చూడు. బస్సులో తడవకుండా ఒళ్లో పెట్టుకో. బస్టాండులో నారమ్మ ఉంటుంది. సంచి ఆమె చేతికే ఇవ్వు, నాకు కాదు.