హాజరు అక్కర్లేని చదువు

కర్నూలు,
శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు చిన్నోబులేసును దీవిస్తూ అన్న పెద్దోబులేసు రాస్తున్న ఉత్తరం. నువ్వు, మరదలు, పిల్లలు, పాడి ఎనుములు అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ, మనవరాలు భార్గవీ ఆరోగ్యంగానే ఉన్నాం. నా మోకాళ్ళు మెట్లు దిగేటప్పుడు మాత్రమే గుర్తొస్తున్నాయి. మనసు మాత్రం మొన్న మరదలు ఫోను చేసినప్పటి నుంచి మండుతోంది. ఫోనులోనే నిన్ను తిట్టి ఉండేవాణ్ణి. కానీ నువ్వు దాన్ని స్పీకరులో వేసి అరుగు మీద పెడతావు, నా కోపం వీధి మొత్తానికీ కాలక్షేపమవుతుంది. అందుకే రాస్తున్నాను. నాపరాళ్ళ లోడుతో వచ్చిన మన ఊరి డ్రైవరు చేతికిస్తే రేపటికి నీకు అందుతుంది.

నీ మనవరాలు లిఖితను ల్యాబ్ టెక్నీషియన్ డిగ్రీలో చేర్పిస్తున్నావట. సంతోషం. ఏజెంటు చూపించిన ఆ కాలేజీకి పిల్ల పోనక్కర్లేదట. హాజరు వాళ్ళే వేసుకుంటారట, పరీక్షలప్పుడు పోయి కూర్చుంటే చాలట. హాస్టలు ఖర్చు మిగులుతుందట. సోమవారం అతను వచ్చి పిల్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుపోతాడట. "అన్న భార్గవికి పెట్టినదాంట్లో సగానికే పని అయిపోతాది" అని మరదలి దగ్గర మీసం తిప్పావట కూడా. మీసం సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఇక్కడి సంగతులు చెప్పకపోతే ఇది ఉత్తరం అనిపించుకోదు. ఎండలు మన దగ్గర ఎట్లాగో ఇక్కడా అంతే, కాకపోతే గదిపైన రేకులు. పొద్దున జొన్నరొట్టెలు నేనే తడుతున్నాను. మొదట్లో భార్గవి వాటిని చూసి, "జేజినాయనా, ఇవి రొట్టెలా, నాపరాళ్ళా?" అనేది. ఇప్పుడు నోరు మూసుకుని తింటోంది. అంగట్లో చెనిక్కాయలు అడిగితే, "బుడ్డలా?" అని అంగడివాడు నన్ను వేరే దేశంవాడిని చూసినట్లు చూశాడు. వేరుశనక్కాయలకు ఇక్కడ అదే పేరట. మాట్లాడటానికి మనిషి దొరకడు తమ్ముడూ. పిల్ల ఏడింటికి తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు పోతే నేను గోడతో మాట్లాడాలి. అది భరించలేకే నేనూ ఆ ల్యాబులోనే చేరాను. అక్కడ దొరికేవాళ్ళంతా ఏమీ తినకుండా రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు. ఆకలి మీద ఉన్న మనిషి మాట్లాడడు, కరుస్తాడు. అయినా గోడ కంటే మేలు.

నా పని, రక్తం తీసే చిన్న గొట్టాల మీద పేర్లు రాయడం. బడి గడప తొక్కని వాడికి ఈ ఉద్యోగం ఎట్లా వచ్చిందని నవ్వుకుంటున్నావేమో. గనిలో రాళ్ళ మీద ఎర్ర సుద్దతో కొలతలు రాసినవాణ్ణి, లారీల వెనక రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. చాలా రోజులు 'హారన్' అనేది లారీ ఓనరు పేరనుకున్నాను, ఇన్ని లారీలు ఒకడివేనా అని కుళ్ళుకున్నాను. సరే, నా దస్తూరి చూసి ఈ ల్యాబు ఓనరు, "ముత్యాల మాదిరి ఉండాది పెద్దాయనా" అని కూర్చోబెట్టాడు.

ఇప్పుడు మొన్నటి మంగళవారం జరిగింది చెప్తాను. దీనికోసమే ఈ ఉత్తరం.

ఆ పొద్దు ఇద్దరు దస్తగిరులు వచ్చారు. మన వైపు కులమేదైనా, మతమేదైనా దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లవాడికి ఆ పేరు పెడతారు కదా. ఒకాయన ఆదోని వైపు రైతు, మూలవ్యాధి ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షకు పంపారు. ఇంకొకాయన పాతబస్తీలో టైలరు, మనిషి గుండులా ఉన్నాడు. పేరుతో పాటు వయసు, టోకెను నెంబరు రాయాలని నాకు మొదటి రోజే చెప్పారు. కానీ ఆ రైతు పత్తి గురించి ఎత్తుకున్నాడు. నేను ఊరుకుంటానా, మన నాయన కాలం నాటి పత్తి దాకా పోయాను. ఆ మాటల్లో రెండు గొట్టాల మీదా ఉత్త 'దస్తగిరి' అని రాసి పెట్టాను. ముత్యాల మాదిరే రాశాను.

మిషను నుంచి రైతు పేరు మీద రక్తం పద్నాలుగు అని కాగితం వచ్చింది. కింద డాక్టరు సంతకం ఉంది. ఆయన ఆదివారం వచ్చి తెల్లకాగితాల కట్ట మీద ముందే సంతకాలు పెట్టిపోతాడు. ఇంక దాన్ని చూసే కళ్ళు మన భార్గవివి తప్ప ఎవరివీ లేవు. ఆ పిల్ల కాగితం చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"ఏం, పంపించలేదా? ఆస్పత్రోళ్ళు ఫోను మీద ఫోను చేస్తాండారు" అన్నాడు ఓనరు.

"ఈయన కనురెప్ప కింద చూసినా సార్. సున్నం మాదిరి తెల్లగా ఉండాది. పద్నాలుగు యాడ నుంచి వస్తాది?"

"లక్షలు పోసి కొన్న మిషను కంటే నీకు ఎక్కువ తెల్సా?"

"మిషనుకు మనిషి కనపడడు సార్. నాకు కనపడతాడు. మల్లా తీస్తా."

రైతు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఏమ్మా, మల్లా గుచ్చుతావా? దుడ్లు మల్లా అడగరు గదా?"

"అడగం పెద్దాయనా. చెయ్యి చాపు."

ఆరు వచ్చింది తమ్ముడూ. ఆరు. ఆ పద్నాలుగు టైలరుది. ఆ మనిషిని పద్నాలుగు అనుకుని కోతపెట్టి ఉంటే, నా ముత్యాల దస్తూరి ఆయన్ని కాటికి పంపేది.

ఓనరు "ఎవరు రాసినారప్పా ఈ పేర్లు?" అన్నాడు. నేనేనని ఒప్పుకున్నాను. రెండోసారి పరీక్ష ఖర్చు మాత్రం భార్గవి జీతంలో కోశాడు, ఇన్‌ఛార్జి ఆమేనట. "నాదాంట్లో కోయప్పా" అని కొట్లాడాను. "నీకిచ్చేదే టీ దుడ్లు, దాంట్లో ఏం కోసేది?" అన్నాడు. ఆ మాటకు చుట్టూ ఉన్న ఆకలి మనుషులు కూడా నవ్వారు. ఆ కోపం ఇంకా దిగలేదు. సగం వాడి మీద, సగం నా మీద. దాని మీదికి నువ్వు సరిగ్గా దొరికావు.

గదికొచ్చాక పిల్లను అడిగాను, కనురెప్ప చూడాలని ఏ పుస్తకంలో ఉందని. "పుస్తకంలో ఉండాది, కానీ పుస్తకం చూసి కాదు జేజినాయనా. రెండో ఏడు పెద్దాస్పత్రి వార్డులో మా మేడం మా చేతుల్లో గొట్టాలు లాక్కొని, 'ముందు మనిషిని చూడండే' అని తిట్టింది. ఆ పొద్దు పోయినా కాబట్టి నాకు తెల్సు" అంది.

విన్నావా? నువ్వు మిగిల్చుకుంటానంటున్నది వార్డుకు పోయిన ఆ పొద్దే. లిఖిత అట్లాంటి కాగితం పట్టుకుని ఒక ల్యాబులో కూర్చుంటుంది. నాలాంటి వాగుడుకాయ ఒకడు తప్పు రాస్తాడు. దాన్ని పట్టుకోవడం ఆ పిల్లకు తెలియదు, తెలియదని కూడా తెలియదు. పాపం ఎవరిది అవుతుంది? పిల్లదా? నీది.

నీ హెర్నియా ఆపరేషన్ వాయిదా వేస్తున్నావు కదా, ఎన్నాళ్ళు వేస్తావు? నీ రక్తం చూసే పిల్ల హాజరు లేకుండా చదివిందైతే చెయ్యి చాపుతావా? నిజం చెప్పు.

అయితే కాలేజీకి పోయి చదివితే బంగారమే అని కూడా నేను రాయను. "చిన్న జేజినాయనకు అబద్ధం రాయొద్దు" అని భార్గవి ఒట్టు పెట్టించుకుంది. మా రెండెకరాల శనగచేను ఆ చదువులో పోయింది. ఇప్పుడు పిల్లకొచ్చేది చీరల అంగట్లో మడతలు పెట్టే పిల్లకొచ్చేదాని కంటే తక్కువ. సర్కారు కొలువు ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు, పిలిచినా కాంట్రాక్టే. చేను తిరిగొస్తుందని నేను చెప్పలేను. జీతం కోసమే అయితే చేర్పించొద్దు. ఇంకో చదువు చూడు. ఈ పని మీద ఇష్టముంటే అప్పు చేసైనా పోయి కూర్చునే కాలేజీలో చేర్పించు. మధ్యలో ఇంకో దారి లేదు. ఏజెంటు చూపించేది దారి కాదు.

"మల్లా మొదటికొస్తే ఇదే చదువుతావా?" అని భార్గవిని అడిగాను. తోముతున్న గిన్నెను కడిగి బోర్లించింది. "ఆ ఆదోని పెద్దాయనకు రక్తం ఎక్కించినాక ఆపరేషన్ చేసినారంట, లేచినాడంట, ఆస్పత్రి వాళ్ళు చెప్పినారు" అంది. నా ప్రశ్నకు అదేం జవాబో నాకు తెలియలేదు, మళ్ళీ అడగలేదు.

మరదలికి నా దీవెనలు. చిన్నత్తకు నా నమస్కారం చెప్పి, నా బదులు కాళ్ళు మొక్కు. డ్రైవరు మళ్ళీ వచ్చేటప్పుడు చెనిక్కాయల పొడి పంపించు, కారం తగ్గించవద్దు. నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు.

ఒరిజినల్స్ మాత్రం సోమవారం ఇచ్చావా, ఫీజంతా కట్టేదాకా ఆ కాగితాలు నీ చేతికి రావు. పిల్ల ఇంకెక్కడా చేరలేదు. ఇంతమందిమి ఇన్ని మాటలు అనుకున్నాం, ఒక్కరం కూడా లిఖితను అడగలేదు, నేను కూడా. ఈ ఉత్తరం ఆ పిల్ల చేతికివ్వు. జవాబు నువ్వు రాయొద్దు. ఆ పిల్లను రాయమను.

ఇట్లు,
కోపం తగ్గని నీ అన్న
పెద్దోబులేసు